కోటు తీసేశామన్న పాపానికి

విశాఖ ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన మా మావయ్యగారు, అమెరికా వచ్చిన నాలుగో రోజునే, స్వాతంత్ర్య దేవత విగ్రహం చూపించకపోయినా ఫరవాలేదు గాని ఒక్కపూట రష్యన్ భోజనం పెట్టించమని నన్ను అడిగారు. 1979లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం పుణ్యమా అని ఆ కర్మాగారానికి రష్యన్ ఇంజనీర్లు వచ్చి వెళ్లేవారు. వారితో పనిచేసిన రోజుల నుంచి ఆయనకు మూడు రష్యన్ మాటలు మిగిలాయి: ‘దా’ అంటే అవును, ‘ఖరషో’ అంటే బాగుంది, ‘స్పసీబ’ అంటే ధన్యవాదాలు. మూడూ ఒప్పుకోవడానికి పనికివచ్చే మాటలే తప్ప, వద్దనడానికి పనికివచ్చేది వాటిలో ఒక్కటీ లేదన్న సంగతి నాకు ముందుగా తట్టలేదు. పైగా ఆయన శుద్ధ శాకాహారి.

న్యూయార్కులో చవకగా రష్యన్ భోజనం దొరకాలంటే బ్రూక్లిన్ దక్షిణపు కొసన, సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్ బీచికి వెళ్లాలి. 1970ల నుంచి సోవియట్ దేశం విడిచి వచ్చినవారు, ముఖ్యంగా నల్లసముద్రపు రేవు ఒడెస్సా వారు, అక్కడ స్థిరపడినందువల్ల ఆ పేటను లిటిల్ ఒడెస్సా అంటారు. మన్‌హట్టన్‌లో ‘క్యూ’ అనే అక్షరం పేరున్న మెట్రో రైలెక్కి దాదాపు గంటసేపు కూర్చుంటే, ఆ రైలు చివరికి నేల మీది నుంచి లేచి, ఇనుప స్తంభాల మీద, సరిగ్గా బజారు నెత్తిన ప్రయాణిస్తుంది. కింద చాలా దుకాణాల పేర్లు రష్యన్ లిపిలో ఉంటాయి. ఒక బోర్డును ఇంగ్లీషు అక్షరాలనుకొని ‘పెక్టోపా’ అని చదివిన నేను, కాసేపు ఆలోచించి, వాళ్ల ‘పి’ మన ‘ర’ అనీ, ‘సి’ మన ‘స’ అనీ, ‘హెచ్’ మన ‘న’ అనీ కనిపెట్టి, అది ‘రెస్తొరాన్’ అని ప్రకటించాను. మావయ్యగారు నన్ను మెచ్చుకోలుగా చూశారు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆయన అలా చూడటం అదే మొదటిసారి కావడంతో నాకు బుద్ధి పనిచేయడం మానేసింది.

మేము ప్రవేశించిన చిన్న హోటలులో, వడ్డించే పెద్దావిడ మమ్మల్ని గుమ్మంలోనే ఆపి కోట్లు విప్పించి కొక్కేలకు తగిలించింది. కోటుతో భోజనానికి కూర్చోవడం రష్యన్ల దృష్టిలో మర్యాద కాదు. చెప్పులతో వంటింట్లోకి రానివ్వని మా అత్తగారిని తలచుకొని మావయ్యగారు ఆ పద్ధతిని హర్షించారు. ఆవిడ ఇంగ్లీషు మెనూ తెస్తానన్నది. లిపిని జయించిన మగవాణ్ణి కనుక అక్కర్లేదన్నాను. బోర్ష్ సూపు సంగతి మాత్రం నాకు ముందే తెలుసు. ఉక్రెయిన్ బోర్ష్ వంట సంప్రదాయాన్ని యునెస్కో 2022లో తన జాబితాలో చేర్చినా, ఆ సూపు ఎవరిదన్న పేచీ ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరిదైనా అందులో సాధారణంగా ఎముకల రసం ఉంటుంది కనుక వద్దనుకొని, బొమ్మల్లో గులాబీరంగుతో మెరిసిపోతున్న బీట్‌రూట్ సలాడును వేలితో చూపించాను.

ఆవిడ మావయ్యగారి వైపు వంగి ఏదో చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే నెత్తి మీద రైలు వచ్చింది. ఆ రొదలో ఆవిడ వాక్యం తల తెగిపోయి, చివరన ‘ఫర్ కోట్, ఓకే?’ అన్న ముక్క మాత్రమే మాకు దక్కింది.

“కోట్ల సంగతి మళ్లీ అడుగుతోంది, అల్లుడుగారూ. తీసేశామని చెప్పండి.”

నేను కొక్కేల వైపు చూపిస్తూ “కోటు అక్కడే ఉంది, థాంక్యూ” అన్నాను. ఆవిడ ముఖంలో సందేహం తొంగిచూసింది. దానిని పోగొట్టడానికి మావయ్యగారు గొంతు సవరించుకొని, “ఖరషో!” అన్నారు. సొంత భాషలో అంత ధీమాగా చెప్పిన మనిషిని ఇక శంకించేదెవరు?

సలాడు వచ్చింది. అచ్చంగా మన బీట్‌రూట్ పెరుగుపచ్చడి. తాలింపు వేయడం మరచిపోయారని మాత్రం మావయ్యగారు బాధపడ్డారు. (పైనున్న తెల్లనిది పెరుగు కాదనీ, మయోనైజ్ అనీ, అందులో గుడ్డు ఉంటుందనీ ఆయనకు ఈ వ్యాసం చదివితే తప్ప తెలియదు.) ఆయన ఏ పనీ తొందరపడి చేయరు. మొదట బీట్‌రూట్ పొర, తరువాత క్యారెట్ పొర, ఆ పిమ్మట బంగాళాదుంప పొర, గనిలోకి దిగినట్లు క్రమంగా తీసుకుంటూ వచ్చి, హఠాత్తుగా చెంచా ఆపారు.

“అల్లుడుగారూ, హార్బరు వాసన వస్తోందండీ.”

“సముద్రం పక్కనే ఉంది కదా, మావయ్యగారూ.”

“సముద్రం వాసన నాకు తెలియదా? ఇది సముద్రంలోంచి బయటికి తీసినదాని వాసన.”

చెంచా కొనతో ఆయన దుంప పొరను కొద్దిగా పైకెత్తారు. కింద ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేప ముక్కలు వెండిలా తళతళలాడాయి. నేను పిలిస్తే ఆవిడ వచ్చి, ఆ వంటకం పేరే ‘ఫర్ కోట్’ కింద చేప, అంటే ‘బొచ్చుకోటు కింద చేప’ అనీ, తాను ముందే చెప్పాననీ, మీ పెద్దాయనే ఒప్పుకున్నారనీ నిదానంగా వివరించింది. ఈసారి రైలు రాలేదు.

ఆయన చేప అంచు వరకే వెళ్లారు గాని చేపను తాకలేదన్న తీర్పు చాలా తర్జనభర్జనల మీద వెలువడింది. మిగిలిన కోటునూ, కోటు కింది చేపనూ మాట్లాడకుండా తినే శిక్ష నాకు పడింది. అది చాలా రుచిగా ఉందని చెప్పే పరిస్థితి కాదది. ఆవిడ మాత్రం జాలిపడి, బంగాళాదుంప కూరిన వరేనికీలు తెచ్చి పెట్టింది. కజ్జికాయ ఆకారంలో ఉండి, ఉడికించి, వేయించిన ఉల్లిపాయలతో వచ్చిన వాటిని ఆయన అటూ ఇటూ తిప్పి, రెండుగా కోసి, వెలుతురుకు పట్టి చూసిన తరువాతే నోట పెట్టారు. వాటితోపాటు వచ్చిన గోధుమరంగు పానీయాన్ని నేను కోలా అనుకున్నాను. అది రై అనే ధాన్యపు రొట్టెను నానబెట్టి పులియబెట్టిన క్వాస్. బీరు వాసన కొడుతోందని దూరంగా నెట్టిన మావయ్యగారు, దాహానికి ఆగలేక ఒక గుక్క తాగి, గ్లాసులోకి తేరిపార చూశారు.

“ఇది మా అమ్మమ్మ కుండలోని తరవాణి కదండీ! అన్నం బదులు రొట్టె వేశారంతే.”

రెండో గ్లాసూ, మూడో గ్లాసూ ఆయనే అడిగి తెప్పించుకున్నారు. బిల్లు ఇద్దరికీ కలిపి 40 డాలర్లు కూడా కాలేదు. వెళ్లేటప్పుడు ఆవిడ గుమ్మం దగ్గర కోటు తీసి పట్టుకుంటే, మావయ్యగారు “స్పసీబ” అని దానిని అందుకొని, ఒకసారి పైకెత్తి, కింద ఏమీ లేదని చూసుకొని తొడుక్కున్నారు.