కోకాపేట దుబాయ్‌కి పోదు లెండి

పొద్దున మా బావ ఓ వాట్సాప్ ఫార్వర్డ్ పంపాడు. మధ్యాహ్నం ఆఫీసు గ్రూపులో పడింది. రాత్రి మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు దండం బొమ్మ పెట్టి మరీ పంపారు. అందులో ఉన్నదేమిటంటే, సంపద పన్ను, అంటే ఉన్న ఆస్తి మీద ఏటా పన్ను, వేస్తే కోటీశ్వరులంతా దుబాయ్ వెళ్లిపోతారట, వాళ్ల మీద బతికే పేదలు రోడ్డున పడతారట.

అందులోని మాటలు ఒక్కొక్కటే చూద్దాం. "ఇప్పటికే ఏటా వేలమంది పోతున్నారు." 2024లో 4,300 మంది పోతారని హెన్లీ సంస్థ అంచనా వేసింది. అదే సంస్థ లెక్కలో మన దేశంలో ఉన్న డాలర్ మిలియనీర్లు, అంటే పది లక్షల డాలర్లు, ఆపైన ఉన్నవాళ్లు, 3,26,400 మంది. అంటే పోయేది నూటికి ఒకటిన్నర మంది కూడా కాదు. పైగా డబ్బున్నవాళ్లకు పరదేశ పౌరసత్వాలు ఇప్పించడమే హెన్లీ వ్యాపారం. పెళ్లిళ్ల పేరయ్య సంబంధం బాలేదంటాడా? ఇంకోటి, సంపద పన్నును 2015 బడ్జెట్‌లోనే ఎత్తేశారు. వారసత్వ పన్ను 1985లోనే పోయింది. మరి వీళ్లు ఏ పన్నుకు జడిసి పోతున్నట్టు?

"దుబాయ్‌లో పన్నే లేదు." జీతం మీద లేదు. వ్యాట్ ఉంది, 2023 నుంచి కంపెనీల లాభం మీదా ఉంది.

"నార్వే గతి చూడండి." ఇది మాత్రం ఒప్పుకుంటా. 2022లో పన్ను పెంచాక అక్కడి కోటీశ్వరులు కొందరు నిజంగానే స్విట్జర్లాండ్‌కి మకాం మార్చారు. తీరా చూస్తే స్విట్జర్లాండ్‌లోనూ సంపద పన్ను ఉంది! మన పాత పన్నూ గొప్పదేం కాదు. 2013-14లో దేశం మొత్తం మీద వచ్చింది 1,008 కోట్లే.

ఇక నాకు ఒళ్లు మండించిన మాట: "పేదలకు అన్నం పెట్టేది వాళ్లే."

2023లో హైదరాబాద్ శివార్లలోని కోకాపేటలో 45 ఎకరాలు వేలం వేస్తే 3,319 కోట్లు వచ్చాయి. ఒక ఎకరం 100.75 కోట్లు పలికింది. ఒకప్పటి రాళ్లూ రప్పల నేలకు ఆ ధర ఎక్కడిది? పక్కనే సర్కారు వేసిన ఔటర్ రింగ్ రోడ్డు వల్ల కాదూ? ఆ టవర్లు కట్టే ఒడిశా, బిహార్ కూలీలు వాటి కిందే రేకుల షెడ్లలో ఉంటారు. ఎవరు ఎవరికి పెడుతున్నట్టు?

మొన్న మా ఇంట్లో వంట చేసే అక్క 299 రీఛార్జ్ చేసిపెట్టమని ఫోన్ చేతికిచ్చింది. అందులో 45 రూపాయలు జీఎస్టీ. జూబ్లీహిల్స్ సారు అదే రీఛార్జ్ చేయించుకున్నా కట్టేది ఆ 45 రూపాయలే. ఈ అక్క ఏ దేశం పారిపోవాలి?

అయినా దుబాయ్ పోవడం గురించి మనకు చెప్పాలా? జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు వెళ్లి అడగండి. అప్పుచేసి ఏజెంటుకు కట్టి పోయినవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లు పోతే దేశం ఖాళీ అవుతుందని ఇన్నేళ్లలో ఒక్క ఫార్వర్డ్ కూడా రాలేదు నాకు.

అన్నట్టు మన సెక్రటరీ గారబ్బాయి ఉండేదీ దుబాయ్‌లోనే. పోయినేడు ఫ్లాట్ మాత్రం కోకాపేటలో కొన్నాడు. రిజిస్ట్రేషన్‌కి ఈయనే వెళ్లొచ్చారు.