ప్రశ్నకు మార్కులు లేని ప్రాజెక్టు

మా కాలేజీలో డిజైన్ చదువుతున్న విద్యార్థులకు ఏడో సెమిస్టరులో స్వతంత్ర పరిశోధనా ప్రాజెక్టు అనే కోర్సు ఉంది. విద్యార్థి తనకు నచ్చిన అంశాన్ని తానే ఎంచుకుని, దాని మీద ప్రతిపాదన రాసి, వారానికొకసారి గైడును కలుస్తూ 16 వారాల పాటు పనిచేసి, చివర జ్యూరీ, అంటే పని చూసి మార్కులు వేసే బృందం ముందు నిలబడి చెప్పుకోవాలి. తరగతి లేదు, పాఠం లేదు, పరీక్ష లేదు. కాగితం మీద చూస్తే నాలుగేళ్ల చదువులో ఇంతకన్నా మంచి కోర్సు మరొకటి కనిపించదు. ఆరేళ్లుగా దీనికి గైడుగా ఉంటున్న నేను, మొన్నటి జ్యూరీ అయ్యాక ఇంటికొచ్చి, అన్నం సహించక రాసుకున్న మాటలివి. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఇతర చోట్ల పనిచేసే మిత్రులతో మాట్లాడినప్పుడల్లా నాకు ఇదే కథ వినిపిస్తోంది.

ఈసారి నా దగ్గర ప్రాజెక్టు చేసిన అమ్మాయిది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నరసాపురం చుట్టుపక్కల ఇళ్లలో కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ల కోసం ఒక దీపం తయారుచేస్తానని ప్రతిపాదన రాసుకొచ్చింది. అందులో సమస్య ఉంది, పరిష్కారం ఉంది, అంచనా ఖర్చు ఉంది, చివరికి దీపానికి వేయబోయే రంగు కూడా ఉంది. లేసు అల్లే మనిషి మాత్రం ఒక్కరూ లేరు. "ముందు వెళ్లి వాళ్ల దగ్గర కూర్చో, దీపం సంగతి తరవాత చూద్దాం" అని పంపించాను. మూడో రోజు ఫోన్ చేసింది. దీపం మాట ఎత్తగానే ఆ ఇంటావిడ నవ్వి, "ఆయ్, దీపమెందుకండీ, చీకటి పడితే వంట చేసుకోవాలి కదండీ" అన్నారట. అల్లిక అంతా మధ్యాహ్నం భోజనాలయ్యాక, అరుగు మీద, పగటి వెలుతురులోనే జరిగిపోతోంది. దీపం అక్కడితో ఆరిపోయింది.

ఆ తరవాత ఆ పిల్ల ఏం చూసిందో చెప్పాలి. దారపు ఉండ నేల మీద దొర్లిపోకుండా దాన్ని ఒక స్టీలు గిన్నెలో పెట్టుకుంటారు. ఏళ్ల తరబడి దారం నడిచీ నడిచీ ఎడమ చూపుడువేలి మీద సన్నని గీత పడి ఉంటుంది. ఏజెంటు దారంతో పాటు ఒక నమూనా ముక్క ఇచ్చి వెళతాడు. దాన్ని ఒళ్లో పరుచుకుని, వేలి కొసతో అల్లికలోని కళ్లు (దారపు ఉచ్చులు) లెక్కపెట్టుకుంటూ, క్రోషే సూదితో అచ్చం అలాంటివే అల్లుకుంటూ పోతారు. పని పూర్తయ్యాక అల్లిన ముక్కలతో పాటు ఆ నమూనా కూడా వెనక్కి వెళ్లిపోతుంది. బొమ్మ లేదు, కొలతల కాగితం లేదు, ఉన్నదల్లా ఆ ముక్క, అది పోయాక జ్ఞాపకం. రెండేళ్ల తరవాత అదే రకం మళ్లీ అడిగితే, పక్క పక్క ఇళ్లలో ఉండే ఇద్దరికి ఒకే అల్లిక రెండు విధాలుగా గుర్తుంటుంది. నమూనా చేయి దాటిపోయాక ఆ అల్లిక ఎవరి దగ్గర ఉంటుంది అన్నది ఆమెకు అప్పుడు పుట్టిన ప్రశ్న. ప్రతిపాదనలో లేనిది, ఇంటర్నెట్‌లో వెతికితే దొరకనిది, అక్కడ కూర్చుంటే తప్ప పుట్టనిది.

క్రోషే అల్లికను గుర్తులతో రాసుకునే పటాలు ప్రపంచంలో ఇదివరకే ఉన్నాయి, ఆమె వాటిని కొత్తగా కనిపెట్టలేదు. ఆ గుర్తులను ఈ ఆడవాళ్లు చదవగలరా, చదవలేకపోతే ఎక్కడ ఆగుతున్నారు, ఏ గుర్తు మారిస్తే ముందుకు కదులుతున్నారు అన్నది ఎనిమిది మందితో కూర్చుని రాసుకుంది. వాళ్లు కుట్లకు పెట్టుకున్న తెలుగు పేర్లు సేకరించింది. పదకొండు అల్లికలను వాళ్లు చదవగలిగే పటాలుగా గీసింది.

జ్యూరీలో మొదటి ప్రశ్న, "ప్రొడక్ట్ ఏది?"

మా మార్కుల పట్టికలో వందకు నలభై మార్కులు తుది వస్తువుకు, ఇరవై ప్రెజెంటేషనుకు, పది మాత్రం పరిశోధనకు ఉన్నాయి. ప్రశ్న ఎలా పుట్టింది, ఎన్నిసార్లు మారింది, ఎందుకు మారింది అన్నదానికి అసలు వరుసే లేదు. అదే రోజు లేసు అమ్మకాల కోసం ఒక యాప్ చూపించిన కుర్రవాడికి అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. తెరలు నిజంగానే అందంగా ఉన్నాయి, కాదనను. కానీ దాని వెనక ఉన్న పరిశోధన ఏమిటంటే, హాస్టలు వాట్సాప్ గ్రూపులో తిప్పిన ఒక గూగుల్ ఫారం, అందులో "మీరు చేతి అల్లికల వస్తువులు ఇష్టపడతారా" అన్న ప్రశ్న, దానికి రూమ్మేట్లు పరుపుల మీద పడుకుని కొట్టిన "అవును"లు. ఆ పైన ఒక పర్సోనా, అంటే ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటోకు ఒక పేరు, వయసు, నాలుగు కష్టాలు అంటించిన ఊహా మనిషి. ఆ ఊహా లేసు కార్మికురాలికి కష్టాలన్నీ కచ్చితంగా ఆ యాప్ తీర్చగలిగేవే ఉన్నాయి. కుర్రవాణ్ని నేను తప్పుపట్టడం లేదు, పట్టిక ఏది అడిగితే అది తెచ్చి ఇచ్చాడు.

ఈ దేశంలో డిజైన్ చదువు ఇలా మొదలు కాలేదు. భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశమంతా తిరిగిన అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడింది. ఆ నివేదికలో వాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకున్న వస్తువు మన చెంబు. దానికి కొత్త రూపం గీయలేదు. అలాంటిది కొత్తగా తయారుచేయాలంటే ఏమేం అడగాలో వరుసగా రాశారు: ఎంత నీళ్లు తేవాలి, ఎంత మోయాలి, ఎలా వంపాలి, మోసేవాళ్ల చేతులు ఎంత పెద్దవి, ఎంత బలమైనవి, తల మీద పెట్టుకుంటారా, చంకన పెట్టుకుంటారా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు లాగుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎటు లాగుతుంది, మరో పాత్రకు తగిలితే ఎలా మోగుతుంది. ఏ ఒక్కరూ దాన్ని డిజైన్ చేసి ఉండలేరని, తరతరాల మనుషులు కలిసి దానికి ఆ రూపం తెచ్చారని కూడా రాశారు. ఆ పేజీని మా జ్యూరీ ముందు పెడితే, మొదట ఎదురయ్యే ప్రశ్న "మరి మీ ప్రొడక్ట్ ఏది" అనే అవుతుందని నా అనుమానం.

లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు చెందిన క్రిస్టఫర్ ఫ్రేలింగ్ 1993లో డిజైన్ పరిశోధనను మూడు రకాలుగా విడదీశారు: డిజైన్ గురించి చేసేది, డిజైన్ చేయడం ద్వారా చేసేది, డిజైన్ కోసం చేసేది. మన కాలేజీలు మూడోదాన్ని మాత్రమే గుర్తిస్తాయి, అదీ వస్తువు బయటికొస్తేనే. నరసాపురం లేసునే తీసుకుందాం. మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో ఈ ప్రాంతానికి వచ్చిన ఈ పని గురించి జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్లను ఇంట్లో ఖాళీగా కూర్చునే గృహిణులుగా లెక్కగట్టి, వాళ్ల శ్రమను తీరిక వేళల కాలక్షేపంగా ఎలా చూపించారో అందులో వివరించారు. అందులో వస్తువేమీ లేదు. అయినా నాలుగు దశాబ్దాలు దాటినా నరసాపురం గురించి తెలుసుకోవాలంటే ఆ పుస్తకం తెరవక తప్పదు. మా కుర్రవాడి యాప్‌లో "తీరిక వేళల్లో సంపాదించండి" అని ఒక బటన్ ఉంది. ఆ పుస్తకం పది పేజీలు చదివి ఉన్నా ఆ బటన్ ఉండేది కాదు.

ఇంతా చెబుతున్న నేను కూడా చేయకూడని పని చేశాను. 2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చి కోనసీమ లంకలు మునిగినప్పుడు, అక్కడివాడే అయిన ఒక విద్యార్థి, నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయని తెలిశాక ఏ ఇంటివాళ్లు దేన్ని ముందు ఏటిగట్టు మీదికి చేర్చారో, తరవాత దేన్ని చేర్చారో, దేన్ని వదిలేశారో, ఆ వరుస రాసుకుంటానని అడిగాడు. గేదెలు ముందా, ధాన్యం బస్తాలు ముందా, పట్టాదారు పాసుపుస్తకాలు ఎవరి నడుముకు కట్టారు, మంచం పట్టిన ముసలామెను ఎవరు మోశారు. "చిట్టా రాయడం డిజైన్ కాదు నాయనా, ఏదో ఒకటి తయారుచెయ్" అన్నాను. లైఫ్ జాకెట్ చేశాడు. మంచి మార్కులే వచ్చాయి. ఆ జాకెట్ మా స్టోరు రూములో బీరువా మీద దుమ్ము పట్టి ఉంది. ఆ చిట్టా మాత్రం ఎక్కడా లేదు, ఇప్పుడు వెళ్లి అడిగినా అప్పటి వరుస అంత కచ్చితంగా ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడ న్యాయంగా ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు అవతలివాళ్లు పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనులన్నీ చూపించే సంపుటి అడుగుతారు, అందులో కంటికి కనిపించే బొమ్మలు కావాలి. చదువు కోసం బ్యాంకు అప్పు తీసుకున్న తల్లిదండ్రులకు, "మీ అబ్బాయి ఒక మంచి ప్రశ్న కనుక్కున్నాడు" అని చెప్పి పంపించలేం. నిజమే. కానీ మిగతా ఏడు సెమిస్టర్లలో వస్తువులే చేయిస్తున్నాం కదా. నాలుగేళ్లలో ఒక్క కోర్సు, అందులోనూ పరిశోధన అని పేరు పెట్టుకున్న కోర్సు, వస్తువు లేకుండా నిలబడితే ఎవరి ఉద్యోగమూ పోదు.

వచ్చే నెల సిలబస్ కమిటీ సమావేశం ఉంది. తుది వస్తువుకు ఉన్న నలభై మార్కులను ప్రశ్నకు, క్షేత్రంలో రాసుకున్న నోటు పుస్తకానికి మార్చమని అడగబోతున్నాను. ఒకే ఊళ్లో కనీసం పదిహేను రోజులు ఉండి తీరాలన్న నిబంధన పెట్టమంటాను, ఎందుకంటే పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే పిల్లలకు జనం మర్యాదకు చెప్పే జవాబులే దొరుకుతాయి, మన గోదావరి జిల్లాల్లో ఆ మర్యాదకు లోటుండదు కూడా. నోటు పుస్తకం తెలుగులో రాసుకోనివ్వాలి. అరుగు మీద విన్న మాటను రాత్రికి రాత్రే ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు "పని" కాస్తా "హాబీ" అయిపోవడం నేను కళ్లారా చూశాను. జ్యూరీలో ఒక కుర్చీ ఆ పని చేసేవాళ్లకు ఇవ్వమని కూడా అడుగుతాను. దీనికి ఒప్పుకోరని తెలుసు, అయినా అడుగుతాను.

జ్యూరీ అయిన వారానికి ఆ అమ్మాయి పటాల జిరాక్స్ కాపీలు ఇచ్చి రావడానికి మళ్లీ ఆ ఊరు వెళ్లింది. దీపం వద్దన్న ఆవిడ ఒక కాగితాన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో పెట్టి, వేలితో వరుసలు లెక్కపెట్టుకుని, "ఇక్కడ ఒక కన్ను తక్కువేశారమ్మా" అని పెన్సిల్ అడిగి తీసుకుని, మూడో వరుసలో ఒక సున్నా చుట్టారట. నిజంగానే తక్కువుంది. మా జ్యూరీలో ముగ్గురికీ, నాకూ అది కనపడలేదు. ఆ కాగితం ఇప్పుడు నా బల్ల మీదే ఉంది, కమిటీ సమావేశానికి దాన్నే పట్టుకెళుతున్నాను.