గేటు దాటితే మోక్షమే

బెంగళూరులో చెత్త సమస్య ఉందని కొందరు అంటుంటారు. నేను ఒప్పుకోను. పదకొండేళ్లుగా మారతహళ్లిలో కాపురం ఉంటున్నాను, మా ఇంట్లో ఏ రోజు చెత్త ఆ రోజే మాయమవుతోంది. పొద్దున్నే తలుపు బయట పెడతాం, పళ్లు తోముకుని వచ్చేసరికి ఉండదు. గేటు దాటిన చెత్తకు పునర్జన్మ లేదని మా అపార్ట్‌మెంటు సిద్ధాంతం.

గిట్టనివాళ్లు మావళ్లిపుర, మండూరు అని ఊళ్ల పేర్లు చెబుతారు. మన చెత్త అక్కడ గుట్టలైందట, బోరు నీళ్లు పాడయ్యాయట. 2012లో మొదటి ఊరు, 2014లో రెండోది ఇక చాలు బాబోయ్ అన్నాయి. అన్నేళ్లు లారీలకు లారీలు సారె పంపినట్టు పంపామే, మొహమాటానికైనా ఇంకొన్నాళ్లు పుచ్చుకోవద్దూ?

2015 డిసెంబరులో హైకోర్టు రెండు బుట్టలు, ఒక సంచి పెట్టుకోమంది. ఆకుపచ్చ బుట్టలో తడి చెత్త, ఎర్ర బుట్టలో డైపర్ల లాంటివి, సంచిలో పొడి చెత్త. ఇంతే. కానీ మా ఇంట్లో ముగ్గురు ఇంజనీర్లున్నారు. టీ బ్యాగు ఎందులో వెయ్యాలన్నదానికి ఒక ఆదివారం పోయింది. లోపలి టీపొడి తడి చెత్త, దారం పొడి చెత్త, పిన్ను ఇనుము. చివరికి ఎవరూ చూడకుండా పక్క ఫ్లాటు వాళ్ల బుట్టలో వేసి వచ్చాం. చెత్త తీసుకెళ్లే ఆవిడ 'హసి కస, ఒణ కస' (తడి చెత్త, పొడి చెత్త) అని రోజూ మొత్తుకుంటుంది. పదకొండేళ్లయినా మాకు కన్నడం రాదు కాబట్టి ఆవిడే కవర్లు విప్పి చేత్తో వేరు చేసుకుంటుంది.

ఈమధ్య నాకూ పర్యావరణం మీద ప్రేమ పుట్టి, కంపోస్టు కోసం మూడంతస్తుల మట్టి కుండలు తెప్పించాను. వాటిని చుట్టిన అట్టలు, బబుల్ ర్యాప్ కలిపితే మా వారం పొడి చెత్తంత. ఒక వరస తొక్కలు, ఒక వరస ఎండాకులు వేసి, కాస్త పుల్లమజ్జిగ చల్లమన్నారు. ఆకులెందుకులే అని నేను మిగిలిన సాంబారు కూడా పోశాను. పది రోజులకు కంపు, లావుపాటి తెల్ల పురుగులు. గ్రూపులో ఫొటో పెడితే ఏడుగురు పురుగుల మందు చెప్పారు, ఒకాయన వాస్తు చూపించుకోమన్నాడు.

గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ మూత తీసి చూసింది. "తడి ఎక్కువైందిరా, ఎండాకులు వెయ్యి. పురుగులు వాటి పని అవి చేసుకుంటున్నాయి, నీ పని నువ్వు చూసుకో."

ఆకుల కోసం కిందికి దిగాను. "ఇప్పుడే అంటించేశాం సార్" అన్నాడు సెక్యూరిటీ అబ్బాయి, మూలనున్న పొగ చూపించి. ఆకులు తలమీద రాలుతుండగా, అదే చెట్టు కింద నిలబడి ఫోన్‌లో కొబ్బరి పొట్టు ఆర్డర్ పెట్టాను.

రెండు నెలలకు నల్లగా, పొడిపొడిగా ఎరువు తయారైంది. వాసనే లేదు. బాల్కనీలో ఉన్నవి రెండే కుండీలు, కరివేపాకు, తులసి. వాటికి తలా రెండు గుప్పిళ్లు వేశాం. మిగతాది గ్రూపులో ఇస్తామంటే అందరూ దణ్ణం బొమ్మలు పెట్టారు, ఎవరూ రాలేదు.

పొద్దున్నే కవరులో మూటగట్టి తలుపు బయట పెట్టాను. పళ్లు తోముకుని వచ్చేసరికి లేదు.