ర్యాంపు మీద ప్రజాస్వామ్యం

కాలనీని బాగుచేద్దామని మా సంక్షేమ సంఘం వాళ్లు కంకణం కట్టుకున్నారు. ఈ మాట చదవగానే మీ గుండె గుభేలుమంటే, మీరూ ఏదో ఒక కాలనీలో ఉంటున్నారన్నమాట.

కాలనీ పేరు నేను రాయను. రాయాల్సిన పనీ లేదు. వీధి మొదట్లో కొత్తగా కట్టిన ఆర్చి మీద, నిమిషానికో రంగు మారే లైట్లతో, అలిపిరి మెట్ల మీంచి చూసినా కనబడేంత పెద్దగా ఉంది. పేరు కింద అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సహాయ కార్యదర్శి, కోశాధికారి, ఇద్దరు గౌరవ సలహాదారులు, ఒక శాశ్వత ఆహ్వానితుడు. ఈ చివరాయన ఎవరా అని ఆరా తీస్తే, ఆర్చికి అందరికంటే ఐదు వేలు ఎక్కువిచ్చిన పెద్దమనిషని తెలిసింది.

ఆర్చికి రెండు స్తంభాలు. ఎడమది రోడ్డు మార్జిన్‌లో దిగింది. కుడిది సరిగ్గా మురుగు కాలువలో దిగింది. నీళ్లకు అడ్డం కదా సార్ అంటే, "స్తంభం గుండ్రంగా ఉంది, నీళ్లు చుట్టూ తిరిగి పోతాయి" అన్నారు కార్యదర్శి గారు. ఆయన ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఏ శాఖలో చేశారో అదీ రాయను. ఆ శాఖ కట్టిన వంతెనల మీద మనం రోజూ తిరగాలి కదా, ధైర్యం చెడగొట్టడం ఎందుకు.

సరే, ఆర్చిని క్షమించేయొచ్చు. ఊరంతా ఉన్నవే. నన్ను నిద్రపోనివ్వనిది ర్యాంపు.

సొంతిల్లు కట్టుకున్నవాళ్లకు దీని పుట్టుక తెలుసు. స్థలం మధ్యలో ఇల్లు కట్టి చుట్టూ ఖాళీ వదలమని నిబంధన. ఖాళీ వదలడమంటే లక్షలు మట్టిలో పోయడమే కాబట్టి గోడ సరిహద్దు దాకా వస్తుంది. రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తారు కాబట్టి రోడ్డు ఎత్తు పెరుగుతుంది. వాన నీళ్లు లోపలికొస్తాయని ఇంటాయన తన పునాది ఇంకో రెండడుగులు లేపుతాడు. ఇప్పుడు ఆ ఎత్తుకు కారెక్కాలి. ఎక్కాలంటే వాలు కావాలి. వాలు లోపల వేస్తే మన స్థలం పోతుంది. బయట వేస్తే ఎవరి స్థలమూ పోదు. బయట ఏముంది? కాలువే కదా. దాని మీద కమ్మీ కట్టి, కాంక్రీటు పోసి, పైన నునుపు రాకుండా గీతలు గీసి, ఇంకా శ్రీమంతుడైతే ఎర్రటి పార్కింగ్ టైల్సు పరిచి, మొదట్లో 'శ్రీనివాస నిలయం' అని పేరు రాయించుకుంటే గృహప్రవేశం పూర్తయినట్టు.

మా వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా కాలువ ఇలాగే కప్పబడిపోయింది. రెండిళ్ల ర్యాంపుల మధ్య జానెడు సందు ఉంటుంది. పాపం కాలువ అక్కడ తల బయటపెట్టి ఊపిరి పీల్చుకుంటుంది. ఎదురెదురు ర్యాంపులు రోడ్డు మధ్యకు ఎంతగా పాకివచ్చాయంటే, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి ఎవరో ఒకరి పోర్టికోలోకి వెళ్లి పలకరించి రావాలి.

తిరుపతి నిన్న మొన్న పుట్టిన ఊరు కాదు. 1886లోనే మున్సిపాలిటీ అయింది. 2007లో కార్పొరేషన్ అయింది. కార్పొరేషన్‌కు తొలి ఎన్నిక జరిగింది మాత్రం 2021 మార్చిలో. మధ్యలో పద్నాలుగేళ్లు కార్పొరేటరనే మనిషే లేడు. ఆ సంగతి మా కాలనీలో ఎవరూ గమనించినట్టు దాఖలాలు లేవు. ఆర్చి మీద కోశాధికారి పేరు సహాయ కార్యదర్శి పేరు కింద పడిన సంగతి మాత్రం అరగంటలో గమనించారు. మేస్త్రీని పిలిపించి అప్పటికప్పుడు అక్షరాలు చెక్కించేశారు. పౌర చైతన్యం లేదని ఎవరన్నారు?

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణాలు చూసుకోవాల్సిన పనులివీ అని పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు రాసింది. తాగునీరు, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, వీధిదీపాలు, శ్మశానాలు, ఆఖరికి బందెలదొడ్లు కూడా ఉన్నాయి. ఆర్చి ఎందుకో మరిచిపోయారు. మా సంఘం ఆ లోటు తీర్చింది.

ఇక సర్వసభ్య సమావేశం. ఆదివారం, వినాయకుడి గుడి మండపంలో. అద్దెకుండేవాళ్లకు ఓటు లేదు గానీ కుర్చీలు మోసే హక్కు ఉంది కాబట్టి నేనూ వెళ్లాను. అజెండాలో మొదటి అంశం, కాలువ కంపు. రెండోది, ఆక్రమణల తొలగింపు. మూడోది, సమోసా, టీ. మూడోదాన్ని ముందుకు జరపాలని ఎవరో ప్రతిపాదించారు. ఆ రోజు ఏకగ్రీవంగా ఆమోదం పొందిన మొదటి తీర్మానం అదే.

చేతులు తుడుచుకున్నాక కంపు మీద లోతైన చర్చ జరిగింది. కంపుకు కారణం సిల్టు పేరుకుపోవడం. సిల్టుకు కారణం ఎప్పటికప్పుడు తీయకపోవడం. తీయకపోవడానికి కారణం సంబంధిత అధికారుల నిర్లక్ష్యం. ఈ మాట దగ్గరికి రాగానే సభ హాయిగా కుర్చీల్లో వెనక్కి వాలింది. సంబంధిత అధికారులు ఎంత మంచివాళ్లంటే, వాళ్లెప్పుడూ సభలో ఉండరు.

అంతలో వెనక వరసలోంచి ఒక పెద్దావిడ, "తీయాలంటే ముందు కనబడాల కదా నాయనా. యాడుంది కాలవ?" అన్నారు.

మండపంలో ఫ్యాను చప్పుడు వినబడింది.

ముందుగా తేరుకున్నది అధ్యక్షుల వారు. ఆయన ర్యాంపు వాళ్ల అత్తగారి చక్రాల కుర్చీ కోసమట. అత్తగారు చెన్నైలో చిన్నల్లుడి దగ్గరుంటారు, అయినా ఎప్పుడైనా రావచ్చు కదా. కార్యదర్శి గారిది వాస్తు. ఈశాన్యంలో నీళ్లు పారడం శుభమే గానీ ఆ నీళ్లు యజమాని కంటపడకూడదని ఎవరో సిద్ధాంతి చెప్పాడట. కోశాధికారి గారిది కేవలం దేశసేవ. కారు రోడ్డు మీద పెడితే అంబులెన్సుకు అడ్డం, అందుకని కష్టమైనా కాలువ మీద పెట్టుకుంటున్నారు. ఉపాధ్యక్షుల వారు ర్యాంపు చివర ఆవులకు నీళ్లతొట్టి కట్టించారు, కాబట్టి అది ర్యాంపు కాదు, గోసేవ. శాశ్వత ఆహ్వానితుల వారు అందరినీ మించిపోయారు. ఆయన కాలువ మీద ఏకంగా తులసికోట కట్టేశారు. "కావాలంటే పగలగొట్టండి సామీ, నేనేం అడ్డం రాను" అని చేతులు కట్టుకుని కూర్చున్నారు. సభ మొత్తం లెంపలేసుకుంది. దాని వెనకాల ఇన్నోవా ఎక్కే వాలు ఆరడుగులుంది, దానికీ ఆ తులసమ్మకే పుణ్యం.

మూలింటాయన ఒక్కడే, "అందరూ వేసుకున్నారు, నేనూ వేసుకున్నా" అని ఉన్నమాట చెప్పేశాడు. అందరూ ఆయన వైపు అసహ్యంగా చూశారు. విలువలు లేని మనిషి.

ఇన్ని వాంగ్మూలాలు విన్నాక, మా వీధిలో కాలువ మీద ఆక్రమణ అనేదే లేదని తేలిపోయింది. అయినా అజెండాలో రెండో అంశం ఉంది. ఏదో ఒకటి తొలగించకపోతే మినిట్సు పుస్తకంలో ఖాళీ వస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది ఇడ్లీ బండి.

ఆర్చి పక్కన, కాలువ మీద కాదు, కాలువకు ఇవతల, పొద్దున ఆరు నుంచి పది దాకా ఒక అక్క ఇడ్లీ, కారందోసె అమ్ముతుంది. పదింటికి స్టవ్ ఆర్పి, కింద నీళ్లు చల్లి పొరకతో ఊడ్చి, బండి తోసుకుని పోతుంది. ఆమె పోయాక అక్కడ బండి ఉండేదన్న గుర్తు కూడా మిగలదు. చక్రాలున్న ఆ బండి ఆక్రమణ. ఆర్చి అందం చెడుతోంది, జనం నిలబడి తింటుంటే కాలనీ స్టాండర్డ్ పడిపోతోంది. తీర్మానం ఏకగ్రీవం. చదివినాయన వేళ్లకు ఆ పొద్దున తిన్న కారందోసె నూనె ఇంకా ఉండే ఉంటుంది.

వీధి వ్యాపారుల కోసం 2014లో ఒక చట్టం వచ్చింది. ముందు సర్వే చేయాలి, సర్వే పూర్తయ్యేదాకా ఉన్నవాళ్లను లేపకూడదు, పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి అని ఉంది. అది చెబుదామని నోరు తెరిచాను. "కుర్చీలు లోపల పెట్టేయండి" అన్నారు. ఆ తర్వాత వారం బండి లేదు. ఆమె ఎక్కడికి పోయిందో సంఘంలో ఒక్కరికీ తెలీదు. కొంతమంది మాత్రం ఇప్పుడు టిఫిన్‌కు టౌన్‌క్లబ్ దాకా పోవాల్సి వస్తోందని విసుక్కుంటున్నారు.

ఆ తర్వాత సిల్టు తీయడానికి మనుషులొచ్చారు. చేతిలో పార, ఒక గంప, చివర వంచిన ఇనప కమ్మీ. ఒకాయనకు యాభై పైనే ఉంటాయి. పార పెట్టడానికి చోటు లేదు, అంతా ర్యాంపులు. ఆయన రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు. చెంప తారుకు ఆనించి, జానెడు సందులోంచి చేయి లోపలికి పెట్టాడు. గ్లౌజు మోచేతి కింద దాకే ఉంది. కాలువ భుజం దాకా ఉంది. పాల కవర్లు, పూజ పూలు కట్టి పడేసిన సంచి, టెంకాయ పీచు, చంటిపిల్లల డైపర్లు, పగిలిన సీసా ముక్క. ఒక్కొక్కటి చేత్తో తడిమి లాగుతున్నాడు. పైన పోర్టికోలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఇంటాయన కిందికి వంగి చూసి ఏమన్నాడో తెలుసా? "టైల్సు జాగ్రత్తప్పా, అంచు ఊడొస్తాంది."

సిగ్గుండాలి. టైల్సట! నీ టైలు ఊడితే రేణిగుంట రోడ్డులో ఇంకోటి దొరుకుతుంది. ఆ మనిషి చేయి కోసుకుని చీము పడితే ఏ షాపులో తెస్తావు? మ్యాన్‌హోళ్లలోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించితే నేరమని 2013లో చట్టం చేసుకున్నాం. మురుగు గుంటలో చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. చావులు ఆగలేదు. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ర్యాంపు కింద మాత్రం ఎవరూ చావరు. అందుకే ఏ లెక్కలోకీ రారు. ఒళ్లు కొంచెం కొంచెంగా పాడవుతుందంతే, కార్లు ఎక్కడానికి. మన తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బూతులు తిట్టడం కూడా మొక్కే. ఈసారి వేషం కట్టినప్పుడు ఎవరిని తిట్టాలో నేను వెతుక్కోనక్కర్లేదు, పేర్లన్నీ ఆర్చి మీద రాసే ఉన్నాయి.

తీసిన సిల్టు కాలువ పక్కనే కుప్ప పోశారు. ట్రాక్టరు వస్తుందన్నారు. దానికంటే ముందు వాన వచ్చింది. సిల్టు ఎక్కడినుంచి బయటికొచ్చిందో అక్కడికే పోయింది.

వాన అంటే మనకు ఎంత మరుపో! కొండ మీద కురిసిందంతా కిందికి దిగాలి, ఊరు దాటి స్వర్ణముఖి వైపు పోవాలి. దారి ఉంటే పోతుంది, లేకపోతే ఎక్కడ పల్లముంటే అక్కడ నిలబడుతుంది. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జి కింద అలాగే నిలబడింది. స్వామి దర్శనానికని కర్ణాటక నుంచి వచ్చిన కుటుంబం కారు ఆ నీళ్లలో చిక్కుకుంది. కొత్తగా పెళ్లయిన అమ్మాయి. కొండ కింద, మన ఊళ్లో, నడిరోడ్డులో నీళ్లలో మునిగి చచ్చిపోయింది. నెల తిరక్కముందే నవంబరు వరద వచ్చి వీధులకు వీధులే మునిగాయి. మనకు వాటిలో గుర్తున్నదేమిటి? శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంట్లో భూమిలో ఉండాల్సిన నీళ్లతొట్టి పైకి లేచి నిలబడితే, వెళ్లి ఫోటో దిగొచ్చాం. అది గుర్తుంది. ఆ అమ్మాయి గుర్తు లేదు. గుర్తుంటే, వరద తగ్గిన తర్వాత మా వీధిలో కొత్తగా మూడు ర్యాంపులు లేచేవి కావు. ఈసారి ఇంకొంచెం ఎత్తుగా పోశారు, నీళ్లు తమ ఇంట్లోకి రాకుండా. పక్కింట్లోకి పోతే అది సంబంధిత అధికారులు చూసుకుంటారు.

సంఘానికి నేనొక కాగితం రాసిచ్చాను. ర్యాంపులు పగలగొట్టి, కాలువ మీద తీసి పక్కన పెట్టుకోవడానికి వీలైన ఇనప జాలీలు వేసుకోవచ్చు, కారు వాటి మీద నిక్షేపంగా ఎక్కుతుంది, ఖర్చు ఆర్చికి పెట్టినదాంట్లో చిల్లర. అంతదాకా, ఎవరి ర్యాంపు కింద తీసిన సిల్టును ఆ ర్యాంపు మీదే పోసి పోవాలి, ట్రాక్టరు వచ్చేదాకా ఇంటివాళ్లే కాపలా కాయాలి. ఇడ్లీ బండిని వెతికి తెచ్చి పాత చోటే పెట్టించాలి.

అధ్యక్షుల వారు కాగితం చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "మంచి పాయింట్లు రాశారు" అన్నారు. వచ్చే సమావేశంలో 'ఇతరములు' కింద చర్చిస్తారట. సమావేశం అక్టోబరు మూడో ఆదివారం. వాన పడితే వాయిదా.