గోంగూర డబ్బా

మా ఆవిడ పెరుగు డబ్బా పారేయదు. సిడ్నీలో మా ఫ్రిజ్ తెరిస్తే అరడజను పెరుగు డబ్బాలు కనిపిస్తాయి. వాటిలో పెరుగు తప్ప అన్నీ ఉంటాయి. దోసెల పిండి, అల్లంవెల్లుల్లి ముద్ద, గోంగూర పచ్చడి. అంచేత దారిలో కొన్న వానపాముల్ని దాచడానికి నాకు దొరికింది కూడా ఒక ఖాళీ పెరుగు డబ్బానే. ఎర చల్లగా ఉండాలట. ఆవిడ చూడకుండా ఐసు పెట్టె అడుగున పెట్టేశాను.

ఏప్రిల్ సెలవులు. పడమరగా వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళి, మెనిండీ దగ్గర కించెగా నేషనల్ పార్కులో డార్లింగ్ నది ఒడ్డున టెంటు వేశాం. కోబార్ దాటింది మొదలు ఎర్రమట్టి, అడవి మేకలు, ఈమూలు. ఆకివీడు నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చిన మా మామగారు మొదటి ఈమూకి కిటికీలోంచి తల బయటపెట్టారు, పదో ఈమూకి గురక పెట్టారు. ఈగల గురించి ఎవరమూ ఏమీ మాట్లాడలేదు. నోరు తెరిస్తే కదా మాట్లాడేది.

నా గురి యెల్లోబెల్లీ అనే ఇక్కడి ఏటి చేప మీద. కొత్త రీలు, కొత్త గాలం, మూడు వీడియోల చదువు. మామగారికీ నాకూ మూడు రోజుల లైసెన్సులు, తలా 7 డాలర్లు. "ఏట్లో చేపకి కూడా టిక్కెట్టా అల్లుడుగారూ?" అన్నారాయన. 30 సెంటీమీటర్ల లోపుది పడితే వదిలేయాలని చెప్పి టేపు కూడా చూపించాను. "ముందు పడనివ్వండి" అన్నారు.

ఒడ్డున కూర్చుని డబ్బా మూత తీశాను. గోంగూర.

అంటే వానపాముల డబ్బా టెంటులో, ఐసు పెట్టెలో, అన్నం గిన్నె పక్కన. వెళ్ళి తెచ్చుకోవచ్చు. కానీ ఎందుకని మా ఆవిడ అడుగుతుంది. నేను ఈ ఆలోచనలో ఉండగానే మామగారు టిఫిన్ బాక్సులోంచి చపాతీ తుంచి, తడిపి, ఉండ చేసి గాలానికి గుచ్చారు. నవ్వొచ్చి అటు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి గాలం వంగి ఉంది.

మూరెడు చేప. పెద్ద పొలుసులు, మూతి పక్కన చిన్న మీసాలు. "బంగారుతీగ!" అన్నారాయన, పరాయి ఊళ్ళో మేనత్త కొడుకు ఎదురైనట్టు.

పక్క టెంటాయన చూసి మొహం చిట్లించాడు. ఇక్కడ దాని పేరు కార్ప్, దాని మీద ఎవరికీ జాలి లేదు. అడుగు బురదంతా కెలికి నీళ్ళు పాడుచేస్తుందట, ఇక్కడి చేపల్ని బతకనివ్వదట. దానికి కొలతా లేదు, లెక్కా లేదు, ఎన్నైనా పట్టుకోండి, మళ్ళీ ఏట్లో మాత్రం వేయకండి, గొయ్యి తీసి పూడ్చేయండి అన్నాడు. నేను తెలుగులో చెప్పాను.

"పూడ్చడమా? ఉల్లిపాయలు లేవా ఏంటి?" అన్నారు మామగారు.

గ్యాసు పొయ్యి మీద పులుసు కుతకుతలాడింది. బంగారుతీగకి ముళ్ళెక్కువ. పిల్లలిద్దరికీ ముళ్ళు తీసిపెట్టడంలో పడి వానపాముల సంగతి మరిచేపోయాను. నిజానికి అక్కడే కొంప మునిగింది. చీకటి పడ్డాక పక్క టెంటాయన తను పట్టిన రెండు కార్పుల్ని బకెట్లో వేసి తెచ్చాడు. పూడ్చే శ్రమ తప్పిందన్న ఆనందం మొహంలో దాగలేదు. మా ఆవిడకి ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిప్పి పంపడం చేతకాదు. ఐసు పెట్టెలో తడిమి, డబ్బా తీసి బకెట్లో పెట్టి పంపింది. నేనప్పుడు ఏటి ఒడ్డున గిన్నెలు తోముతున్నాను.

తెల్లవారేసరికి ఆయన మా టెంటు ముందు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో శుభ్రంగా కడిగిన పెరుగు డబ్బా, రెండో చేతిలో నిగనిగలాడే యెల్లోబెల్లీ. టేపు అక్కర్లేనంత పెద్దది.

"మీ డబ్బా బ్రహ్మాండం. రాత్రే సగం అయిపోయింది, మిగతాది పొద్దున్నే ఖాళీ చేశాను" అన్నాడు.

మామగారు డబ్బా వంక చూశారు, చేప వంక చూశారు, తర్వాత చాలాసేపు నా వంక చూశారు.

మా ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఉత్త గోంగూరే తినేశాడండీ పాపం, అన్నం కూడా ఇచ్చి ఉండాల్సింది!"