గెంటిన సంగతి చెప్పి పిలవండి

ఫిబ్రవరి వచ్చిందంటే అమెరికాలోని ప్రొటెస్టెంటు చర్చిల్లో నల్లజాతి చరిత్ర మాసం సందడి మొదలవుతుంది. ఒక ఆదివారం గాస్పెల్ పాటలు, మార్టిన్ లూథర్ కింగ్ మాటలు నాలుగు, ఆరాధన అయ్యాక అందరికీ భోజనం. తెల్లవాళ్లే ఎక్కువగా ఉండే సంఘాలు కూడా గుమ్మం ముందు ‘అందరికీ స్వాగతం’ బోర్డు పెడుతున్నాయి. మంచిదే. అయితే ఆ బెంచీల మీద నల్లజాతివారు ఇన్నాళ్లూ ఎందుకు కనిపించలేదో ఆ బోర్డు చెప్పదు. వచ్చినవారిని లేపి పంపించారు కనుక కనిపించలేదు. ఆ మాట అదే చర్చిలో, అదే వేదిక మీదినుంచి చెప్పనంత కాలం ఈ ఆహ్వానాలను నమ్మడం కష్టమని మా అభిప్రాయం.

ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జ్ మెథడిస్టు చర్చినే చూడండి. 18వ శతాబ్దం చివర్లో అక్కడికి నల్లజాతివారు పెద్దసంఖ్యలో రావడానికి ముఖ్య కారణం రిచర్డ్ అలెన్ అనే బోధకుడు. బానిసగా పుట్టి, సొంతంగా సంపాదించిన డబ్బు కట్టి విడుదల పొందిన మనిషి. జనం పెరగడంతో చర్చి లోపల పైన కూర్చోవడానికి మేడ కట్టారు. దానికి నల్లజాతివారూ చందాలిచ్చారు, పనీ చేశారు. తీరా ఆ మేడ మీద వాళ్లకు విడిగా చోటు చూపించారు. ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో, మోకాళ్ల మీద ఉన్న అలెన్ సహచరుడు అబ్సలోం జోన్స్‌ను చర్చి పెద్దలు పట్టుకుని పైకి లాగారు. అది మీ చోటు కాదు, లేవండి అన్నారు. ప్రార్థన అయ్యేదాకా ఆగమని ఆయన బతిమాలినా వినలేదు. ప్రార్థన ముగిశాక నల్లజాతివారంతా కట్టకట్టుకుని బయటికి నడిచారు. 1794లో అలెన్ బెతెల్ చర్చి తెరిచారు. 1816లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ పేరుతో స్వతంత్ర శాఖే ఏర్పడింది. ‘వాళ్లకు వేరే చర్చిలెందుకు’ అని ఇప్పటికీ అడిగేవారికి జవాబు ఇక్కడే ఉంది. సెయింట్ జార్జ్, బెతెల్ సభ్యులు మళ్లీ కలిసి ఆదివారం ఆరాధన చేసుకున్నది 2009లో!

ఏ కాలంలోనో ఎవరో చేసిన పొరపాటు అని దాటేద్దామంటే కుదరదు. విడిపోయిన మెథడిస్టు శాఖలు 1939లో ఒక్కటయ్యాయి. దేశాన్ని ప్రాంతాలవారీగా ఐదు విభాగాలు చేసి, నల్లజాతి సంఘాలను మాత్రం ఎక్కడున్నా సరే ‘సెంట్రల్ జ్యూరిస్‌డిక్షన్’ అనే ఆరో విభాగంలో వేశారు. నల్లజాతి ప్రతినిధుల్లో అత్యధికులు వద్దన్నా వినలేదు. ఆ ఏర్పాటు 1968 దాకా నడిచింది. 1964 ఈస్టర్ రోజున మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లోని గాలొవే మెథడిస్టు చర్చికి ఇద్దరు బిషప్పులు వెళ్లారు. ఒకరు నల్లజాతీయుడు చార్లెస్ గోల్డెన్, మరొకరు మన దేశంలో మిషనరీగా పనిచేసి వెళ్లిన తెల్లజాతీయుడు జేమ్స్ మాథ్యూస్. సొంత శాఖ బిషప్పులనే గుమ్మంలో ఆపి వెనక్కి పంపారు. పునరుత్థాన పండగ నాడు!

బాప్టిస్టుల కథతో మనకూ కొంచెం చుట్టరికం ఉంది. బానిసల యజమానిని మిషనరీగా పంపవచ్చా అన్న తగాదాతో 1845లో దక్షిణాదివారు విడిపోయి సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేసిన మిషన్ ఉత్తరాదివారి చేతిలో ఉండిపోయింది. దక్షిణాదివారు బానిసత్వాన్ని సమర్థించినందుకు క్షమాపణ చెప్పడానికి 1995 దాకా, ఒక నల్లజాతి పాస్టరును అధ్యక్షుడిగా ఎన్నుకోవడానికి 2012 దాకా పట్టింది. పాస్టర్లకు చదువు చెప్పే తమ ప్రధాన సెమినరీని స్థాపించిన నలుగురూ కలిసి యాభైమందికి పైగా బానిసలను ఉంచుకున్నారని ఆ సెమినరీయే 2018లో నివేదిక ఇచ్చింది. దాన్ని మెచ్చుకోవాలి. రెండేళ్లు తిరక్కుండానే, జాతివివక్ష వ్యవస్థలోనే ఉందని చెప్పే క్రిటికల్ రేస్ థియరీ తమ విశ్వాసానికి సరిపడదని ఆ శాఖ ఆరు సెమినరీల అధిపతులు ప్రకటించారు. పేరున్న నల్లజాతి పాస్టర్లు కొందరు మీకో దండం అని వెళ్లిపోయారు. పాత తప్పు ఒప్పుకుంటాం, ఇప్పటి సంగతి మాట్లాడవద్దు అంటే ఎవరుంటారు?

నల్లజాతి చరిత్రకారుడు కార్టర్ వుడ్సన్ 1926లో, ఈ మాసానికి మూలమైన నల్లజాతి చరిత్ర వారాన్ని మొదలుపెట్టింది పాఠ్యపుస్తకాలు దాచినదాన్ని చదివించడానికి. అదే పని చర్చి తన సమావేశాల తీర్మానాలు రాసుకునే మినిట్స్ పుస్తకంతో చేయాలి. మేడ మీద ఎవరిని కూర్చోబెట్టారు, ఏ తీర్మానంతో, ఎవరు ఓటేశారు? ఇవి సండే స్కూల్లో పిల్లలకు చెప్పాలి. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి కింగ్ రాసిన లేఖ ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దలకు జవాబు. వాళ్లేమీ ముసుగులేసుకుని నల్లజాతివారిపై దాడులు చేసే కు క్లక్స్ క్లాన్ మనుషులు కారు, నిరసనలు చేస్తున్నవారికి ‘కాస్త ఆగండి’ అని హితవు చెప్పిన మర్యాదస్తులు. ఆ లేఖలోని మంచి వాక్యాలు ఏరుకుని చదివి, అది ఎవరికి రాశారో వదిలేస్తే ఫిబ్రవరి తంతుగానే మిగులుతుంది.

చరిత్ర తెలిశాక డబ్బు తీసిన సంస్థలూ ఉన్నాయి. బానిసల చాకిరీని వాడుకున్న వర్జీనియా థియలాజికల్ సెమినరీ 2019లో 17 లక్షల డాలర్ల నిధి పెట్టి, అప్పటివారి వారసులకు చెల్లింపులు మొదలుపెట్టింది. అన్ని సంఘాలకూ అంత స్తోమత ఉండదు. పాస్టరు ఎంపికలో, బడ్జెట్ కమిటీలో నల్లజాతి సభ్యుల మాట చెల్లేలా చేయడానికి మాత్రం డాలర్లు అక్కర్లేదు.

ఒకే ఊళ్లో కులానికో చర్చి, కులానికో సమాధుల దొడ్డి ఉన్న చోట్లు మన తెలుగు నేల మీదా ఉన్నాయి. మన సంఘాల శతజయంతి సంచికల్లో మిషనరీల ఫొటోలు పేజీలకు పేజీలు ఉంటాయి. ఆ విడి చర్చిలు ఎప్పుడు, ఎవరి పట్టుదలతో కట్టారన్నది కూడా ఒక పేజీ రాయించాలి.