థీమ్‌కు లొంగని ప్రకృతిపై తీసుకోవలసిన చర్యలు

ఫోటోగ్రఫీ అభివృద్ధికి మన సమాజంలో అందరూ తలో చెయ్యీ వేస్తున్నారు. కలిసిరానిది ప్రకృతి ఒక్కటే. ప్రతి సోమవారం పొద్దున్నే మా ఫోటోల గ్రూపు అడ్మిన్ గారు ఆ వారం థీమ్, అంటే ఫోటో తీయవలసిన అంశం, ప్రకటిస్తారు. 'ఎరుపు', 'ప్రతిబింబం', 'ఎదురుచూపు', 'నీడ'... ఇలా ఏదో ఒకటి. ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా ఎంట్రీలు పంపాలి. సభ్యులు తమ వంతు కృషి చేస్తూనే ఉంటారు. మరి ఆకాశం? 'మేఘాలు' అని థీమ్ ఇచ్చిన వారమే ఒక్క మబ్బుతునక కనబడదు. 'వాన' అని ప్రకటించేసరికి రోహిణి కార్తె వచ్చి కూర్చుంటుంది. 'ప్రశాంతత' అన్న రోజే ఎదురింటివాళ్లు బోరు వేయిస్తారు. ఇంత సహాయ నిరాకరణ మధ్య కళ ఎలా బతకాలి?

ఎడిటింగ్ పుట్టింది ఇందుకే. ఎడిటింగ్ అంటే ఫోటోలోని లోపాలు సరిదిద్దడమని కొందరి అపోహ. మనం తీసిన ఫోటోలో లోపం ఎందుకుంటుంది? సరిదిద్దవలసింది లోకాన్ని.

ఈ మాట ఒప్పుకోని పాతకాలపు మనుషులు అక్కడక్కడ ఇంకా మిగిలే ఉన్నారు. కొత్తగా చేరిన పిల్లల్ని పట్టుకుని వాళ్లు ఇచ్చే సలహాలు వింటే భయమేస్తుంది. వారమంతా ఒకే లెన్స్ వాడమంటారు. 50 ఎంఎం అయితే మరీ మంచిదట, జూమ్ ఉండదు కనక కాళ్లు కదులుతాయట. ఒకే వీధిలో తిరగమంటారు. పొద్దున ఏడింటికి ఆ వీధిలో వెలుగు గోడల మీద పడుతుందనీ, పన్నెండింటికి నెత్తిన పడి కళ్ల కింద గుంటలు చేస్తుందనీ, ఆ తేడా పుస్తకంలో చదివితే తెలియదనీ అంటారు. యాభై తీసి ఒక్కటి ఉంచుకుని, మిగతా నలభై తొమ్మిదీ ఎందుకు కుదరలేదో కూర్చుని చూసుకోమంటారు. ఎడిటింగ్‌కైతే మరీ ఘోరమైన పద్ధతి: ముందు రంగంతా తీసేసి బ్లాక్ అండ్ వైట్‌లో చూడాలట, ఫోటో నిలబడింది వెలుగు మీదా లేక రంగు మీదా అన్నది తేలుతుందట. రాత్రి చేసిన ఎడిట్‌ను పొద్దున మళ్లీ తెరవాలట. తెరిస్తే వెలుగునూ రంగునూ పెంచి తగ్గించే స్లైడర్లలో సగం వెనక్కి జరపాలనిపిస్తుందట. అంత ఓపికే ఉంటే సివిల్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లం కదా, కెమెరా ఎందుకు కొంటాం?

ఆధునిక పద్ధతిలో ఇల్లు కదలనక్కర్లేదు. థీమ్ రాగానే హార్డ్ డిస్క్ తెరవాలి. అరకు వెళ్లినప్పుడు తీసిన ఫోటో ప్రతివారి దగ్గరా ఒకటి ఉంటుంది. 'ఎరుపు' వారంలో అది సూర్యాస్తమయం. 'నీలం' వారంలో, ఫోటో మొత్తానికీ రంగు ఛాయ మార్చే వైట్ బ్యాలెన్స్‌ను కాస్త ఎడమకు జరుపుకుని తెల్లవారుజాము. 'ఒంటరితనం' వచ్చినప్పుడు పక్కన నిలబడ్డ బావమరిది ఎరేజ్ అయిపోతాడు. 'బంధం' వచ్చినప్పుడు తిరిగొస్తాడు. ఒకే ఫోటోతో ఏడాది పొడుగునా ఛాలెంజ్‌లో పాల్గొన్న సభ్యులున్నారు. నిరంతర సాధన అంటే అది.

'ప్రతిబింబం' వారంలో జరిగిన అభివృద్ధిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. లేపాక్షి బసవన్న ముందు చెరువేమీ లేదని వెళ్లినవాళ్లందరికీ తెలుసు. ఆ వారం వెలిసింది. బసవన్నను తలకిందులు చేసి కింద అతికించి, రెండు అలలు కలిపితే పనైపోయింది. నిజం నీళ్లలోనైతే వస్తువు అడుగుభాగం కాస్త ఎక్కువగా కనబడుతుందనీ, పైన ఉన్నది ఉన్నట్టే కిందికి దిగదనీ ఒక సభ్యుడు నసిగాడు. అడ్మిన్ గారు పట్టించుకోలేదు. కరువు సీమలో పైసా ఖర్చు లేకుండా చెరువు తవ్వినవాడిని పట్టుకుని ఇలాంటి ప్రశ్నలు వేయడం మర్యాద కాదు.

ఆకాశాన్ని మార్చడం మోసమనేవాళ్లకు చరిత్ర తెలియదు. గుస్తావ్ లె గ్రే అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ 1850లలోనే సముద్రం ఒక నెగెటివ్‌లో, ఆకాశం ఇంకో నెగెటివ్‌లో తీసి, రెండూ కలిపి ఒకే ప్రింటు వేశాడు. నచ్చిన ఆకాశాన్ని ఒకటికి మించి సముద్రాల మీద వాడుకున్నాడు కూడా. ఆ రోజుల్లో గాజు పలకకు పూసే మందు నీలం రంగుకు అతిగా స్పందించేది. సముద్రం సరిగ్గా పడేంతసేపు ఉంచితే ఆకాశం తెల్లగా కాలిపోయేది. ఆయనకు వేరే దారి లేక చేశాడు. మనం దారి ఉండీ చేస్తున్నాం. మరి ఎవరి అంకితభావం గొప్పది?

అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ సంగతీ అంతే. అమెరికాలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం తీసి, ఆకాశాన్ని డార్క్‌రూమ్‌లో ఏళ్ల తరబడి నలుపు చేస్తూ పోయాడు. తొలి ప్రింట్లలో కనిపించే పల్చటి మబ్బులు తర్వాతి ప్రింట్లలో దాదాపు మాయం. అయితే ఆయన చేసిన పొరపాటు ఒకటుంది. చంద్రుణ్ణి ఉన్నచోటే వదిలేశాడు. ఫోటో ఎప్పుడు తీశాడో ఆయనకే సరిగా గుర్తులేకపోతే, కొన్ని దశాబ్దాల తర్వాత ఖగోళ లెక్కలు తెలిసినవాళ్లు ఆ చంద్రుడి స్థానం పట్టుకుని 1941 నవంబర్ 1 సాయంత్రమని తేల్చేశారు. అంత సులువుగా దొరికిపోవడం కళాకారుడికి శోభనిస్తుందా?

మన చార్మినార్ ఫోటోలు చూడండి. ఎప్పుడు తీసినవో తేల్చడం ఎవడి తరమూ కాదు. చార్మినార్ నాలుగు తోరణాలు సరిగ్గా నాలుగు దిక్కులకు తెరుచుకుంటాయి. ఉత్తరాన ఉన్న గుల్జార్ హౌజ్ వైపు నిలబడి తీస్తే కెమెరా దక్షిణం చూస్తుంది. హైదరాబాద్‌లో చంద్రుడు నేరుగా దక్షిణానికి వచ్చేసరికి ఎంత తగ్గినా 40 డిగ్రీల పైన ఉంటాడు. మినార్ భుజం మీదికి దిగడం ఆయన జాతకంలో లేదు. పైగా దృశ్యాన్ని వెడల్పుగా పట్టే 24 ఎంఎం లెన్స్ పెడితే, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో, ఫోటో వెడల్పులో ఆయన వాటా దాదాపు 160వ వంతు. 'పున్నమి' వారం ఎంట్రీల్లో ఆయన గోపురమంత పెద్దవాడై, మినార్‌కు చేరగిలబడి కూర్చున్నాడు. ఆ లెక్కలవాళ్లను పిలిచి ఇది ఎప్పుడు తీసిందో చెప్పమంటే, ముందు ఏ గ్రహం మీద తీశారో చెప్పమంటారు.

పాలపుంతతోనూ ఇదే పేచీ. క్రిస్మస్ సెలవుల్లో గండికోట వెళ్లినవాళ్లు పెన్నా లోయ మీద పాలపుంత నడిబొడ్డును నిలువునా నిలబెట్టి పంపుతున్నారు. ఆ నడిబొడ్డు ఉండేది ధనూరాశిలో. ఆ రోజుల్లో సూర్యుడూ అక్కడే ఉంటాడు, కాబట్టే దాన్ని ధనుర్మాసం అన్నారు. సూర్యుడి పక్కనున్నది రాత్రిపూట కనబడదని తిరుప్పావై చదివే ముసలమ్మలకు కూడా అర్థమవుతుంది. కానీ సెలవులు దొరికేది అప్పుడే. పాలపుంతే సర్దుకోవాలి.

నిజానికి ఈ విద్యలో మనకు ఎవరూ నేర్పవలసింది లేదు. పెన్సిల్‌తో నెగెటివ్ మీద మొటిమలు చెరిపిన స్టూడియో టచింగ్ ఆర్టిస్టులు మన పూర్వీకులు. బ్లాక్ అండ్ వైట్ పెళ్లికూతురికి చేత్తో రంగు వేసి, చీర ఏ రంగో తెలియకపోతే తమకు నచ్చిన చీర కట్టిన మహానుభావులు వాళ్లు. స్టూడియోలో మేకుకు ఒక నల్ల కోటు, పక్కన అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా ఉండేవి. ఊళ్లో డిగ్రీ పాసైనవాళ్లంతా ఆ ఒక్క కోటులోనే ఉద్యోగాలకు అప్లై చేశారు. ఇప్పుడు కోటు కంప్యూటర్లో ఉంది. బనియన్‌తో వెళ్లినా కోటుతో బయటికొస్తాం.

ఇక ఫ్లెక్సీ డిజైనర్. కంపోజిషన్ మీద పాఠాలు చెప్పేవాళ్లు ముందు ఆయన కాళ్ల దగ్గర కూర్చోవాలి. ఫ్రేమును మూడు భాగాలు చేసి చూడమనే సూత్రాన్ని 1797లో ఒక ఇంగ్లీషు ఆయన రాసిపెట్టాడు. మన డిజైనర్ దాన్ని ఎప్పుడో దాటేశాడు. మూడింట రెండు వంతులు అధినేతకు, మిగిలినదాంట్లో ఎమ్మెల్యే, ఆ మిగిలినదాంట్లో మండలాధ్యక్షుడు, అంచున బొటనవేలంత సైజులో ఫ్లెక్సీకి డబ్బు కట్టినవాడు. ఎవరి తల ఒక్క అంగుళం పెరిగినా వార్డులో చీలిక వస్తుంది. నమస్కారం పెడుతున్న చేతులు నాయకుడివి కావు, తెల్ల చొక్కా ఆయనది కాదు, చిరునవ్వు పోయినసారి ఎన్నికలప్పటిది. అయినా జనం గుర్తుపట్టి పక్కకు తప్పుకుంటారు. ఇంత ఒత్తిడి మధ్య రాత్రికి రాత్రి ఎడిట్ చేసేవాడికి వారం వారం థీమ్ ఇవ్వాల్సిన పని లేదు. పుట్టినరోజులూ, వర్ధంతులూ ఉన్నాయి.

స్లైడర్ల సామాజిక న్యాయం గురించి కూడా ఒక మాట. క్లారిటీ అని ఒక స్లైడర్ ఉంటుంది. కుడికి జరిపితే చర్మంలో ప్రతి గీతా లేచి నిలబడుతుంది. ఎడమకు జరిపితే అంతా వెన్నలా జారిపోతుంది. 'శ్రమ' థీమ్‌కు రైతు ముఖం దొరికితే చివరిదాకా కుడికి. యాభై ఏళ్ల మనిషి డెబ్బై ఏళ్లవాడై, ముడతల్లో మట్టి మెరుస్తూ, బహుమతి తెస్తాడు. అదే ఫోటోగ్రాఫర్ మర్నాడు ప్రీ వెడ్డింగ్ షూట్‌కు కూర్చుంటే చివరిదాకా ఎడమకు. పెళ్లికూతురికి ముక్కు రెండు చుక్కలుగా మాత్రమే మిగులుతుంది. చేయి ఒకటే, మౌస్ ఒకటే. ఎవరు ఏ వైపు వెళ్లాలో డబ్బు ఎవరిస్తున్నారన్న దాన్ని బట్టి స్లైడర్ తనంతట తనే తెలుసుకుంటుంది. ఇంత తెలివైన పరికరం మన కార్యాలయాల్లో కూడా లేదు.

ఈ క్రమశిక్షణను దెబ్బతీసే సంఘటన ఒకటి మా గ్రూపులో జరిగింది. థీమ్ 'నీడ'. కొత్తగా చేరిన ఒక అమ్మాయి పంపిన ఫోటోలో మే నెల బస్టాపు ఉంది. షెల్టర్ లేదు. ఒక కరెంటు స్తంభం ఉంది. దాని నీడ సన్నగా, పొడుగ్గా రోడ్డు మీద పడింది. ఆ నీడ పొడుగునా ఆరుగురు మనుషులు ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడ్డారు, ఎవరూ నిలబడమనకుండానే. చివర ఉన్న చంటిపిల్ల తల్లికి నీడ సరిపోక బిడ్డను మాత్రం అందులో పెట్టుకుంది. ఎడిట్ అంటారా, కొంచెం క్రాపు, రోడ్డు తెలుపును కాస్త దించడం, అంతే. ఆకాశం కూడా మార్చలేదు.

అడ్మిన్ గారు ఓపిగ్గానే చెప్పారు. "అమ్మా, బాగుంది గానీ థీమ్ స్పష్టంగా రాలేదు. సిల్‌హౌట్, అదే వెలుగుకు అడ్డంగా నల్లటి ఆకారం, అలాంటిదేమైనా ట్రై చేయండి."

"సార్, వాళ్లు నిలబడిందే నీడలో కదండీ?" అందామె.

ఆయన బొటనవేలు గుర్తు పెట్టి వదిలేశారు. ఆ వారం మొదటి బహుమతి ఇసుకలో నడిచే సన్యాసికి వచ్చింది. నీడ కుడివైపు పడింది, ముఖం మీద వెలుగూ కుడివైపు నుంచే వచ్చింది. అంటే ఆ మహానుభావుడికి కనీసం ఇద్దరు సూర్యులు సేవ చేస్తున్నారు. కింద 'నైస్ క్యాప్చర్ సర్'లు, 'అద్భుతం గురూ గారూ'లు వరద కట్టాయి. 'మీ సూచనలు తెలపగలరు' అని బహుమతి గెలిచినాయన రాసుకున్నారు గానీ, అది సూచనలు అడగడం కాదని గ్రూపులో ఉన్న పెద్దమనుషులందరికీ తెలుసు.

ఇక కెమెరా బెడద కూడా తీరబోతోంది. ఏం కావాలో టైపు చేస్తే బొమ్మ వచ్చేస్తోంది. ఈ శుభ పరిణామానికి అడ్డుపడేవాళ్లూ ఉన్నారు. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడు సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ పోటీలో ఒక విభాగం గెలిచి, అది ఏఐ చేసిన బొమ్మ అని తనే చెప్పి, బహుమతి వద్దన్నాడు. గెలిచాక నిజం చెప్పే అలవాటు వ్యాపిస్తే పోటీలు నడిచినట్టే. మరుసటి ఏడాది మైల్స్ ఆస్ట్రే అనే ఇంకొకాయన దీన్ని తిరగేశాడు. ఏఐ బొమ్మల పోటీకి అచ్చమైన ఫోటో పంపాడు. ఒక ఫ్లెమింగో పొట్ట గోక్కుంటూ మెడ లోపలికి దూర్చేసరికి తల లేనట్టు కనబడింది. బహుమతి ఇచ్చారు. నిజమైన పక్షి అని తెలిశాక రద్దు చేశారు. సరైన నిర్ణయమే. నిజమైనదాన్ని పోటీలోకి రానిస్తే మిగతావాళ్ల గతేమిటి? చలికాలంలో పులికాట్ వెళ్తే ఫ్లెమింగోలు తలలు నీళ్లలో ముంచి తింటూ గుంపులు గుంపులుగా తలలు లేకుండానే నిలబడి ఉంటాయి. వాటన్నిటికీ తలలు అతికించే బాధ్యతను మా సూళ్లూరుపేట సభ్యులు ఇప్పటికే తలకెత్తుకున్నారు.

చివరిగా, ప్రస్తుతం గ్రూపును పట్టి కుదిపేస్తున్న విషయం. పెద్ద పోటీల్లో చివరి వడపోతకు వచ్చినవాళ్లను కెమెరాలోంచి ఏ దిద్దుబాటూ లేకుండా వచ్చిన అసలు ఫైల్, అంటే రా ఫైల్, చూపించమంటారు. మన దగ్గరా అడగాలని ఒక తీర్మానం పెట్టారు. ప్రతిపాదించింది బస్టాపు అమ్మాయి అని వేరే చెప్పనక్కర్లేదు. వాదోపవాదాలు రాత్రి పన్నెండు దాకా సాగాయి. ముగ్గురు సీనియర్లు గ్రూపు వదిలి వెళ్లి, పొద్దున్నే తిరిగి చేరారు. ఐక్యతను కాపాడడానికి నేనొక సవరణ రాసి అడ్మిన్ గారికి అందజేశాను. రా ఫైల్ ఇవ్వడానికి సభ్యులకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. అయితే ఇచ్చేముందు దాన్ని కూడా కాస్త సరిచేసుకోవడానికి రెండు రోజుల గడువు ఇవ్వాలి.